మూడు జింక తలలున్న పళ్లెం ఎవరింటిది?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో డార్బీ దగ్గర ఉంటాం. ఈమధ్య ఒక కార్ బూట్ సేల్‌లో (పాత సామాన్ల సంతలో) మూడు పాత పళ్లాలు కొన్నాను. వెండి కాదు, ప్యూటర్ అన్నారు. ఒక్కోటి తొమ్మిదీ ముప్పావు అంగుళాలుంది. అంచు నున్నగా ఉంది, దాని మీద ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే వంశ చిహ్నం, చెక్కారు. డాలుకి నిట్టనిలువుగా మధ్యలో గీత. నాకు ఎడమవైపు కనిపించే సగంలో మనవైపు చూస్తున్న మూడు జింక తలలు, కుడి సగంలో వెనక కాళ్ల మీద లేచిన సింహం. డాలు చుట్టూ వంకర్లు తిరిగిన ఆకులు, గవ్వలు. పైన పక్కకి తిరిగిన శిరస్త్రాణం, దాని మీద ఏదో పక్షి. వెనకవైపు వరసగా నాలుగు బుల్లి డాళ్లు, కిరీటం కింద ఎక్స్ అక్షరం, ఇంకోచోట పైన బి, దాని కింద టి, ఇ అని పొడిచి ఉన్నాయి. అమ్మినాయన ఇవి చాట్స్‌వర్త్ డ్యూక్ గారి ఇంటివన్నాడు. నెట్‌లో చూస్తే ఆయన చిహ్నంలో నిజంగానే మూడు జింక తలలున్నాయి! మా అత్తగారు చింతపండుతో తోమితే గుర్తులు ఇంకా బాగా తేలతాయంటున్నారు. ఇవి ఎవరివో తెలుసుకునేదెలా? తెలిస్తే వాళ్లకి తిరిగి ఇచ్చెయ్యాలా?

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారి చేతిలోంచి ఆ చింతపండు తీసుకోండి. మిగతావన్నీ నింపాదిగా చూసుకోవచ్చు.

ప్యూటర్‌లో ఎక్కువ భాగం తగరమే. గట్టిదనం కోసం కాస్త రాగి, ఆంటిమనీ, బిస్మత్ లాంటివి కలుపుతారు. పాతవాటిలో సీసం కూడా ఉండొచ్చు. పులుపు తగిలితే ఈ లోహం పైపొర తినేస్తుంది. మీకు కావలసిన ఆధారమంతా ఆ పైపొరలోనే ఉంది. ఇలాంటి పళ్లాల మీద చెక్కడం చాలా పల్చన, పైగా ఆ కాలపు పనిమనుషులు సన్నటి ఇసుకతోనూ, గుర్రపుతోక అనే ఒక గరుకు మొక్కతోనూ రుద్ది రుద్ది సగం అరగదీసేశారు. మిగిలిన సగం మన చింతపండుకి బలి చెయ్యకండి. ఇత్తడి తోమే పొడులు కూడా వద్దు. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. చారు కాచే సత్తు గిన్నె వాడిన వాళ్లకి ఇంకో జాగ్రత్త చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను: పొయ్యి మీద గానీ ఒవెన్‌లో గానీ పెట్టొద్దు. స్వచ్ఛమైన తగరమే 232 డిగ్రీలకి కరుగుతుంది, ప్యూటర్ అంతకంటే ముందే జారిపోతుంది. వాటిలో పులిహోర వడ్డించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. సీసం ఉందో లేదో కంటికి తెలియదు, పులుపు దాన్ని అన్నంలోకి లాగుతుంది.

ఇక డ్యూక్ గారి సంగతి. అమ్మినాయన పూర్తిగా కల్పించి చెప్పలేదు. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ డ్యూకుల ఇంటిపేరు కావెండిష్, వాళ్ల డాలు నల్లటి నేల మీద మూడు వెండి జింక తలలు, మెడ లేకుండా సూటిగా మనవైపు చూస్తూ. డార్బీ చుట్టుపక్కల ఎవరైనా జింక తల కనిపిస్తే చాట్స్‌వర్త్ అనడం మామూలే. కానీ ఒక్క బొమ్మ పట్టుకుని ఇల్లు చెప్పెయ్యకూడదు. డాలు ఒక్కటే కాదు, దాని పైనున్నది, పక్కనున్నది, అక్కడ ఉండాల్సి ఉండీ లేనిది కూడా చూడాలి.

కావెండిష్‌లకి 1694లో డ్యూక్ పదవి వచ్చింది. మీ పళ్లెం మీద ఆకులు, గవ్వలతో ఒక పక్కకి ఒరిగినట్టున్న ఆ అలంకారాన్ని రొకోకో అంటారు. ఇంగ్లండ్‌లో అది సుమారు 1740 నుంచి 1770 దాకా నడిచిన ఫ్యాషన్. అంటే ఈ చెక్కడం వేసేనాటికి ఆ ఇంటాయన డ్యూక్ అయి దాదాపు అర్ధ శతాబ్దం. డ్యూక్ అయితే డాలు మీద స్ట్రాబెర్రీ ఆకుల కిరీటం ఉండాలి. బొమ్మలో ఎదురుగా 5 ఆకులు కనపడతాయి. డాలుకి అటూ ఇటూ దాన్ని పట్టుకుని నిలబడ్డ జంతువులుండాలి, వాళ్లకైతే మెడలో గులాబీ దండలున్న రెండు జింకలు. శిఖరాన క్రెస్ట్‌గా ముడి పడ్డ పాము ఉండాలి. మీ పళ్లెంలో కిరీటమూ లేదు, జింకలూ లేవు, పాము బదులు పక్షి ఉంది. ఆ పక్కకి తిరిగి ముసుగు మూసుకున్న శిరస్త్రాణమైతే అసలు గుట్టు విప్పేస్తుంది. ఇంగ్లండ్ పద్ధతిలో అది బిరుదులేని మర్యాదస్తుల గుర్తు, అంటే ఎస్క్వైర్, జెంటిల్‌మన్ స్థాయి. నైట్‌కీ, తరతరాలుగా సర్ బిరుదు వచ్చే బేరొనెట్‌కీ ముసుగు తెరిచి ఎదురుగా చూసే శిరస్త్రాణం వేస్తారు. ప్రభువులకి కడ్డీలున్నది.

కాబట్టి డ్యూక్ కాదు. నిరాశ పడకండి. మామూలు భూస్వామి ఇంటి పళ్లెమైతే వెతకడంలో మజా ఎక్కువ, డ్యూకుల గురించి అందరూ రాసేశారు.

ఈ కిరీటాల లెక్క మిగతా పాఠకులకీ పనికొస్తుంది కనక రెండు ముక్కలు. పెద్ద ఇళ్లలో నౌకర్లు తినే హాలు పళ్లాల మీద చాలాసార్లు మొత్తం డాలు చెక్కించేవాళ్లు కాదు, క్రెస్టూ దాని మీద చిన్న కిరీటమూ వేసి ఊరుకునేవాళ్లు. అప్పుడు ఆ ప్రభువు హోదా ఏదో కిరీటమే చెబుతుంది. బొమ్మలో 4 ముత్యాల్లాంటి గుండ్లు కనిపిస్తే బారన్. పొడుగాటి ముళ్ల మీద 5 గుండ్లు, మధ్యమధ్య ఆకులు ఉంటే ఎర్ల్. 3 ఆకులు, 2 గుండ్లు ఉంటే మార్క్విస్. బారన్‌లకి కిరీటం ఇచ్చింది రెండో ఛార్లెస్, 1661లో. అంతకుముందు పళ్లెం అని ఎవరైనా అమ్ముతూ దాని మీద బారన్ కిరీటం చూపిస్తే, చెక్కడమైనా తర్వాతది అయ్యుండాలి, అమ్మేవాడి మాటైనా తప్పయ్యుండాలి. డాలులో ఎక్కడైనా చిన్న అరచెయ్యి ఉంటే అది సాధారణంగా బేరొనెట్ గుర్తు. ఆ పదవి 1611లో మొదలైంది.

పళ్లెం తిప్పి వెనక చూద్దాం. ఆ నాలుగు బుల్లి డాళ్లు కుటుంబానివి కావు. వెండి మీద అధికారిక ముద్రలు చూసి ప్యూటర్ పనివాళ్లు అలాంటివే తమకీ తయారు చేసుకుని పొడుచుకునేవాళ్లు. వెండివాళ్లు ఎంత మొత్తుకున్నా ఆ అలవాటు మానలేదు. వాటిలో సింహం ఉన్నా చిరుత ముఖం ఉన్నా అది అలంకారమే, వెండి అని గానీ వంశం అని గానీ అర్థం కాదు. కిరీటం కింద ఎక్స్ మంచి రకం లోహం అని చెప్పుకునే గుర్తు. మీరు రాయలేదు గానీ పనివాడి అసలు ముద్ర వేరే ఉంటుంది, కాస్త పెద్దది, పేరుతో, ఏదో ఒక బొమ్మతో. దాన్ని టచ్ అంటారు. ప్యూటర్ మీద చేసినవాడి గుర్తు ఉండి తీరాలని ఇంగ్లండ్ పార్లమెంటు 1503లోనే చట్టం చేసింది. ప్యూటర్ పనివాళ్ల సంఘమైన లండన్ ప్యూటరర్స్ కంపెనీలో పనివాళ్లంతా తమ గుర్తును ఒక పలక మీద కొట్టి నమోదు చేసుకోవాలి. పాత పలకలు 1666 అగ్నిప్రమాదంలో పోయాయి. 1668 నుంచి మళ్లీ కొట్టించినవి 5 పలకలు ఇప్పటికీ వాళ్ల హాలులో ఉన్నాయి. ఆ గుర్తులన్నీ పుస్తకాలకెక్కాయి. హోవర్డ్ కాటెరెల్ 1929లో వేసిన పుస్తకం ఇప్పటికీ అందరూ తిరగేసేదే. 1918లో మొదలైన ప్యూటర్ సొసైటీ దగ్గర అంతకంటే తాజా జాబితా ఉంది. పనివాడు దొరికితే పళ్లెం ఎప్పటిదో ఇరవై ముప్పై ఏళ్ల తేడాతో తెలుస్తుంది. పనివాడు లండన్ వాడని ఇల్లు లండన్‌లో వెతకొద్దు, లండన్ ప్యూటర్ దేశమంతా అమ్ముడుపోయేది.

మీ ఉత్తరంలో నన్ను పట్టేసిన మాట ఆ మూడక్షరాలు. పైన బి, కింద టి, ఇ. ఇది యజమానుల గుర్తు. పైనున్నది ఇంటిపేరు మొదటి అక్షరం, కింద ఎడమది భర్త పేరు, కుడిది భార్య పేరు. కావెండిష్ అయితే సి ఉండాలి. ఎవరో టి అనే ఆయన, ఇ అనే ఆవిడ, ఇంటిపేరు బి. ఇంగ్లండ్ పేర్ల తీరు తెలిసినవాళ్లు టి అనగానే థామస్, ఇ అనగానే ఎలిజబెత్ అనుకుంటారు, ముందు ఆ పేర్లతోనే వెతికినా తప్పులేదు. కానీ ఒక మెలిక ఉంది. ఆ అక్షరాలు తర్వాత కొనుక్కున్న వేరే దంపతులవి కూడా కావచ్చు. అందుకే వాటిని డాలుతో సరిపోల్చాలి, డాలు బదులు వాడకూడదు.

ఇప్పుడు డాలు. నిలువుగా రెండు సగాలు చేసి రెండు చిహ్నాలు పక్కపక్కన పెట్టారంటే అది పెళ్లి. చూసేవాళ్లకి ఎడమవైపున్నది భర్త వంశానిది, కుడివైపున్నది భార్య పుట్టింటిది. హెరాల్డ్రీలో, అంటే ఈ చిహ్నాల శాస్త్రంలో, కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్క, కనక పుస్తకాల్లో ఇదే తలకిందులుగా రాసి ఉంటుంది, కంగారు పడకండి. బిషప్పులు, కాలేజీ పెద్దలు తమ పదవి చిహ్నాన్ని భర్త స్థానంలో పెట్టి సొంత చిహ్నాన్ని రెండో సగంలో పెట్టుకోవడం కూడా ఉంది, కానీ మీ దాంట్లో అలాంటి జాడేమీ లేదు. కొన్ని డాళ్లలో భార్య చిహ్నం పక్కన కాకుండా నడిమధ్య బుల్లి డాలుగా ఉంటుంది. అలా ఉంటే ఆవిడకి అన్నదమ్ములు లేరు, పుట్టింటి చిహ్నానికి ఆవిడే వారసురాలు అని అర్థం. వాళ్ల పిల్లలు డాలుని నాలుగు గదులు చేసి రెండు చిహ్నాలనూ పెట్టుకుంటారు. డాలు బదులు వజ్రం ఆకారం కనిపిస్తే ఆవిడ వితంతువో, పెళ్లికానిదో.

నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే: జింక తలల వెంట పడకండి, పెళ్లి వెంట పడండి. మూడు జింక తలలు చాలా కుటుంబాలకున్నాయి. లేచి నిలబడ్డ సింహం లెక్కలేనన్ని కుటుంబాలకుంది. కానీ మూడు జింక తలల ఇంటాయన సింహం ఇంటావిడని చేసుకోవడం, ఆయన పేరు టి తో, ఆవిడ పేరు ఇ తో, ఇంటిపేరు బి తో, అదీ 1770 లోపు, ఇన్నీ ఒక్క జంటలో కలిసే అవకాశం చాలా తక్కువ. దొరికితే అదే అయ్యుంటుంది. అందుకే రెండు సగాలున్న పళ్లెం దొరికినవాళ్లు అదృష్టవంతులు. ఒక్క చిహ్నమే ఉన్నది దొరికితే జాబితాతోనే సరిపెట్టుకోవాల్సి రావచ్చు.

సింహం అన్నాను కనక రంగుల మాట. రంగు లేని లోహం మీద రంగు ఎలా తెలుస్తుంది? గీతలతో. 1638లో పెట్రా శాంక్టా అనే జెసూట్ పాదిరీ తన పుస్తకంలో వాడిన పద్ధతి యూరప్ అంతా పాకింది. చుక్కలుంటే బంగారం. ఏమీ గీయకపోతే వెండి. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, రెండూ కలిసిన గడులు నలుపు. చూసేవాళ్లకి ఎడమవైపు పై మూల నుంచి కుడివైపు కిందికి జారే ఏటవాలు గీతలు ఆకుపచ్చ, అటునుంచి ఇటు జారితే ఊదా. ఇవి ఎందుకు ముఖ్యమో మూడు పేర్లు చాలు: బంగారు నేల మీద నీలం సింహం పెర్సీలది, ఎర్రనేల మీద వెండి సింహం మోబ్రేలది, అదే ఎర్రనేల మీద బంగారు సింహం ఫిట్జ్‌అలన్‌లది. బొమ్మ ఒకటే, ఇళ్లు మూడు. రంగు ఎంత పట్టింపో అనుకుంటే, 1385లో స్క్రోప్, గ్రోవెనర్ అనే ఇద్దరు నీలం నేల మీద బంగారు ఏటవాలు పట్టీ నాదంటే నాదని కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి సాక్షుల్ని పిలిచి చివరికి స్క్రోప్‌దేనని తేల్చారు.

మీ పళ్లెంలో ఆ గీతలు వెతకండి. ఎదురుగా లైటు వేస్తే కనపడవు. రాత్రి గదిలో దీపాలార్పి, ఫోన్ టార్చ్‌ని పళ్లేనికి పక్కన, దాదాపు నేలకి ఆనించినట్టు పెట్టి, నాలుగు దిక్కుల నుంచీ ఒక్కో ఫోటో తియ్యండి. ఒక వైపు నుంచి నిలువు గీతలు తేలతాయి, ఇంకోవైపు నుంచి అడ్డగీతలు. ఆ తర్వాత పల్చటి కాగితం అంచు మీద పరిచి మెత్తటి పెన్సిల్‌ని వాలుగా పట్టుకుని తేలిగ్గా రుద్దండి. మూడు పళ్లాలకీ చెయ్యండి, ఒకదాంట్లో అరిగిపోయింది ఇంకోదాంట్లో మిగిలి ఉండొచ్చు. జింక తలల మధ్య, డాలు పైభాగంలో ఏదైనా చిన్న నెలవంకో, నక్షత్రమో, కాళ్లు లేని పిట్టో, ఉంగరమో ఉందేమో భూతద్దంతో చూడండి. అవి కొడుకుల వరస చెప్పే గుర్తులు: నెలవంక రెండోవాడు, నక్షత్రం మూడోవాడు, పిట్ట నాలుగోవాడు, ఉంగరం అయిదోవాడు. తండ్రి బతికుండగా పెద్దకొడుకు గుర్తు దువ్వెన పళ్లలాంటివి కిందికి దిగిన ఒక అడ్డపట్టీ. కనపడితే వెతికే పని సగమవుతుంది. కనపడనంత మాత్రాన పెద్దకొడుకే అనుకోకండి, చాలామంది పట్టించుకోలేదు.

పుస్తకాల దగ్గరే అందరూ తప్పుదారి పడతారు. బర్క్ జనరల్ ఆర్మరీ, 1884 ముద్రణ, అందరికీ తెలిసింది. కానీ అది పేర్ల వారీగా ఉంటుంది, పేరు తెలిస్తే చిహ్నం చెబుతుంది. మీకు కావలసింది దానికి ఎదురు: చిహ్నం తెలుసు, పేరు కావాలి. దానికి 1874లో పూర్తయిన పాప్‌వర్త్ ఆర్డినరీ ఉంది. అందులో బొమ్మల వారీగా పేర్లుంటాయి. జంతువుల తలల దగ్గర జింక తలలు మూడు ఉన్నవన్నీ తియ్యండి. కేవలం మూడు తలలున్నవి వేరు, తలల మధ్య పట్టీయో, ఇంటి కప్పులాంటి షెవ్రానో ఉన్నవి వేరు, కలపకండి. వచ్చిన జాబితాలో బి తో మొదలయ్యే పేర్లు మాత్రం ఉంచుకోండి. ఒక్కో పేరుకి బర్క్‌లో చూసి, క్రెస్ట్ పక్షి ఉన్నవాళ్లెవరో గుర్తుపెట్టుకోండి. ఫెయిర్‌బెర్న్ క్రెస్టుల పుస్తకంతో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. నేను చెప్పను. ఒకే పక్షి ఎన్నో ఇళ్ల నెత్తి మీద కూర్చుంటుంది, క్రెస్ట్ రుజువు చూసుకోవడానికే గానీ వెతకడానికి కాదు. ఈ పుస్తకాలన్నీ కాపీరైట్ దాటిపోయినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వాటి భాష పాత ఫ్రెంచి కలిసిన ఇంగ్లీషు, మొదటి రోజు తలనొప్పి వస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. మీ జింక తలల్ని అక్కడ కబాస్డ్ అంటారు, లేచిన సింహాన్ని రాంపంట్ అంటారు. ఈ రెండు మాటలతో మీ పని మొదలైపోతుంది.

నాలుగైదు బి పేర్లు మిగిలాక పెళ్లి వెతకాలి. వంశ చిహ్నాల అధికారులైన హెరాల్డ్‌లు జిల్లా జిల్లాకీ తిరిగి ఎవరికి చిహ్నం హక్కుందో రాసుకున్న విజిటేషన్ రికార్డులున్నాయి, 1530 నుంచి 1680ల దాకా. చాలావరకు హార్లియన్ సొసైటీ అచ్చేసింది. మీ దంపతులు వాటికంటే తర్వాతివాళ్లు, కానీ వాళ్ల తాతముత్తాతల దగ్గర అదే డాలు ఉంటే ఇల్లు ఖాయమవుతుంది. తర్వాత చర్చి రిజిస్టర్లు. 1754 మార్చి నుంచి ఇంగ్లండ్‌లో పెళ్లి రిజిస్టర్లు కొత్త చట్టం ప్రకారం పద్ధతిగా నడిచాయి, అంతకుముందువి కాస్త ఓపిక పరీక్షిస్తాయి. మీ జిల్లావి మాట్లాక్‌లోని డార్బీషైర్ రికార్డ్ ఆఫీసులో చూడొచ్చు. 1858కి ముందు ఆస్తిపరుల వీలునామాలు చాలా లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చనిపోయినవాళ్ల సామాన్ల జాబితాల్లో ప్యూటర్ ఇన్ని పౌన్లు అని తూకం వేసి రాసేవాళ్లు, పళ్లెం ఎంత విలువైన వస్తువో అక్కడ తెలుస్తుంది.

కాగితాల కంటే నాకు ఇష్టమైన దారి ఊరి చర్చి. గోడల మీద పాలరాతి ఫలకాలు, ఎత్తుగా వేలాడే వజ్రం ఆకారపు నల్ల చట్రాల చెక్కలు, వాటి మీద రంగుల్లో అవే రెండు సగాల డాళ్లు ఉంటాయి. ఆ చెక్కల్ని హాచ్‌మెంట్లు అంటారు. భర్త గానీ భార్య గానీ పోయినప్పుడు ఇంటి ముందు తగిలించి తర్వాత చర్చికి ఇచ్చేవాళ్లు. ఒక్క ఆదివారం నాలుగు చర్చిలు తిరిగి వస్తే పుస్తకంలో వారం దొరకనిది దొరకొచ్చు. బుక్‌ప్లేట్లు కూడా మరవకండి. తమ పుస్తకాల లోపల అతికించుకునే ఆ చీటీల మీద అదే డాలు, కింద పేరుతో సహా అచ్చయి ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఫ్రాంక్స్ సేకరణ పెద్దది. చదివేవాళ్లు ఆంధ్రాలో ఉంటే ఇలాంటి డాళ్లు చూడ్డానికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. మచిలీపట్నం, భీమిలి డచ్చి సమాధుల రాళ్ల మీద చెక్కినవి ఇదే కళ, డచ్చివాళ్ల పద్ధతిలో.

ఒక అనుమానం మాత్రం చివరిదాకా ఉంచుకోండి: చెక్కడం పళ్లెంతో పాటే పుట్టిందా? విక్టోరియా కాలం నుంచి పాత ప్యూటర్ సేకరించే సరదా పెరిగి, ఉత్త పళ్లాల మీద చిహ్నాలు కొత్తగా చెక్కి అమ్మినవాళ్లున్నారు. భూతద్దంతో పాత గీరలు చెక్కడాన్ని దాటే చోటు చూడండి. గీర చెక్కడం మీదుగా పోతే చెక్కడం ముందుది, మంచిది. చెక్కిన గీత పాత గీరని కోసుకుంటూ పోతే అనుమానించాలి. గాడి అడుగున కూడా పళ్లెం మిగతా చోట్లలాగే మసక ముదురు రంగు ఉండాలి. అడుగున మెరుపు కనపడితే కొత్త చెయ్యి పడ్డట్టే. పళ్లెం తయారైన కాలం, డాలు అలంకారం కాలం సరిపోవాలి. నున్నటి అంచున్న పళ్లేనికి రొకోకో డాలు చక్కగా సరిపోతుంది, అందుకే మీవి నాకు నమ్మకంగానే అనిపిస్తున్నాయి.

ఇంకో రకం కూడా సంతల్లో బాగా దొరుకుతుంది: డాళ్లు చెక్కినవి కాకుండా అచ్చులో పోసి ఉబ్బెత్తుగా వచ్చినవి, ఒక్కో పళ్లెంలో అయిదారు నగరాల చిహ్నాలతో. అవి చాలావరకు జర్మన్, స్విస్ గోడ అలంకారాలు, ఇరవయ్యో శతాబ్దంవి. 17వ శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో చక్రవర్తినీ, ఆయన్ని ఎన్నుకునే ఎలెక్టర్లనూ ఉబ్బెత్తుగా పోసిన అసలు పళ్లాలు ఉన్నాయి గానీ, వాటికి నకళ్లు అసళ్ల కంటే చాలా ఎక్కువ. వాటి మీద ఇంటి పేరు వెతికి టైం వేస్ట్ చేసుకోకండి.

బి పేరు దొరగ్గానే ఆ ఇంటిపేరుతో చిహ్నం కాగితం అచ్చేసి ఇస్తామనే వెబ్‌సైట్లు ఎదురవుతాయి. డబ్బు పెట్టకండి. ఇంగ్లండ్‌లో చిహ్నం ఇంటిపేరుకి ఉండదు, ఒక మనిషికి ఇస్తారు, ఆయన మగ సంతానం వరసలో వస్తుంది. మన దగ్గర ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కానట్టే, ఒకే పేరున్న పది కుటుంబాలకి పది డాళ్లుండొచ్చు, తొమ్మిదింటికి అసలు లేకపోవచ్చు. అనుమతులిచ్చేది 1484లో మూడో రిచర్డ్ ఏర్పాటు చేసిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. మీ వెతుకులాట ఇద్దరు ముగ్గురి దగ్గర ఆగిపోతే వాళ్లకి రాయండి. ఫీజు తీసుకుని రికార్డులు చూసి చెబుతారు. స్కాట్లండ్ కుటుంబం అని తేలితే ఎడిన్‌బరోలోని లార్డ్ లయన్ ఆఫీసు వేరే ఉంది.

తిరిగి ఇవ్వాలా అన్నారు. అక్కర్లేదండి. ఈ పళ్లాలు ఎవరి ఇంట్లోంచో దొంగతనంగా వచ్చాయనుకోవడానికి కారణమేమీ లేదు. అరిగిపోయిన ప్యూటర్‌ని పనివాడికే తూకానికి ఇచ్చి, మిగతా డబ్బు కట్టి కొత్తవి తెచ్చుకోవడం ఆ ఇళ్ల మామూలు అలవాటు, పాతవి కరిగించి మళ్లీ పోసేవాళ్లు. పింగాణీ చవకయ్యాక ఇళ్లకి ఇళ్లే ప్యూటర్‌ని వదిలించుకున్నాయి. కరగకుండా మీ చేతికి వచ్చాయి, అంతే. ఆ దంపతులెవరో తేలి, వాళ్లది మీ చుట్టుపక్కల ఊరే అయితే, అక్కడి మ్యూజియంకి ఫోటోలూ మీరు కనుక్కున్న వివరాలూ పంపండి. పళ్లాలు కావాలని వాళ్లు అడిగితే అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఈలోగా ఎవరైనా మంచి ధర ఇస్తామని ఒకటి అడిగినా మూడింటినీ విడదీయకండి, మూడు పళ్లాల వెనక టచ్ ఒకటేనా, వేర్వేరా అన్నది మాత్రం రాసి పెట్టుకోండి. వేర్వేరు అయితే ఆ ఇంటివాళ్లు ఒకసారి కొని ఊరుకోలేదని, పోయినవాటికి బదులు మళ్లీ కొని మళ్లీ చెక్కించారని తెలుస్తుంది, అప్పుడు వెతకాల్సిన కాలం కాస్త పెంచుకోవాలి.